మయూరికి పింఛం ఉండదు

ఆడపిల్లకి మయూరి అని పేరు పెట్టినవాళ్లని ఎందుకు పెట్టారని అడిగి చూడండి. పురి విప్పిన నెమలి గుర్తొచ్చిందనే చెబుతారు. కానీ పురి విప్పేది మగ నెమలి. మయూరి అంటే ఆడ నెమలి, దానికి పింఛం ఉండదు. గోధుమరంగు ఒళ్లు, మెడ దగ్గర కాస్త ఆకుపచ్చ మెరుపు, తలమీద చిన్న కుచ్చు, అంతే. మగది ఈకలన్నీ గలగలలాడించుకుంటూ చుట్టూ తిరుగుతుంటే ఇది తాపీగా గింజలు ఏరుకుంటూ ఉంటుంది. నచ్చితే ఆగుతుంది, లేకపోతే పక్క చేలోకి పోతుంది. నన్నడిగితే ఆ పేరులో గొప్పంతా ఈ రెండో సంగతిలోనే ఉంది. పేరు పెట్టేవాళ్లలో ఇది తట్టినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు.

కోకిల సంగతీ ఇంతే. వేసవిలో మామిడి తోటలో కుహూ కుహూ అని గొంతు పెంచుకుంటూ పోయేది నల్లగా నిగనిగలాడే ఎర్రకళ్ల మగ కోకిల. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో వేరే ఏదో పిట్టలా ఉంటుంది. దాని కూత కిక్ కిక్ కిక్ అని కీచుమంటుంది. తను చేసే ఘనకార్యం వేరే: కాకి కన్నుగప్పి దాని గూట్లో గుడ్డు పెట్టి రావడం. ఇంగ్లీషు కవులు మురిసిపోయిన నైటింగేల్ కూడా అంతే, రాత్రిపూట తెగ పాడేది ఇంకా జోడు దొరకని మగపిట్ట.

కాళిదాసుకి ఈ తేడా బాగా తెలుసు. శాకుంతలం అయిదో అంకంలో దుష్యంతుడు నిండు సభలో శకుంతలని కాదన్నప్పుడు ఎత్తి చూపించింది ఆడ కోకిలనే. పిల్లలకి ఎగరడం వచ్చేదాకా వాటిని వేరే పక్షులచేత పెంచుకుంటుంది, నేర్పకపోయినా ఆడవాళ్లకి వచ్చే నేర్పు ఇలాంటిది అంటాడు. అంటే ఆడపిల్లని పొగడాలనుకుంటే మగ కోకిల గొంతు అరువు తెచ్చి ఇస్తాం, తిట్టాలనుకున్నప్పుడు మాత్రం అసలైన ఆడ కోకిల గుర్తొస్తుంది.

నా గొడవ ఇదే. పక్షుల పేర్లు పిల్లలకి పెట్టడం నాకు ఇష్టం, చాలా ఇష్టం. కానీ మనం పిట్టను చూసి పేరు పెట్టడం లేదు. ఆడపిల్ల ఎలా ఉండాలో ముందే అనుకుని, తీయని గొంతు, వయ్యారపు నడక, కంటికింపైన రూపం అని ఒక కొలత పెట్టుకుని, ఆ కొలతకి సరిపోయే పిట్టను వెతుకుతున్నాం. మగపిల్లాడికైతే రెక్కలూ గోళ్లూ చూస్తాం. వెబ్‌సైట్లలో, యాప్‌లలో పక్షి పేర్ల జాబితాలు ఏ భాషలో చూసినా ఇదే వరస. అర్థం అని ఒక ముక్క రాస్తారు, పిట్ట మాత్రం అందులో ఉండదు.

పెద్దవాళ్లకి ఇచ్చే బిరుదుల్లోనూ ఇదే లెక్క. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు 1925లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకి అధ్యక్షురాలు. 1930లో ధరాసన ఉప్పు సత్యాగ్రహానికి ముందు నిలబడి జైలుకెళ్లిన మనిషి. స్వాతంత్ర్యం వచ్చాక గవర్నరు. మనకి మాత్రం ఆవిడ భారత కోకిల. సైమన్ కమిషన్ రోజుల్లో మద్రాసులో తుపాకీకి ఎదురు నిలిచిన ప్రకాశం పంతులు ఆంధ్రకేసరి. ఆవిడ కవయిత్రి, ఆ బిరుదు కవిత్వానికి వచ్చింది, ఒప్పుకుంటాను. కానీ ధరాసన తర్వాత కూడా ఆ పేరే ఎందుకు నిలిచిపోయిందన్నది నా అనుమానం.

ఇక హంస. హంసవేణి, హంసగమన అని ఎన్ని పేర్లు! సంస్కృత కావ్యాల్లోని హంస ఏ పక్షి అన్నదాని మీద పండితుల్లో వాదాలున్నాయి గానీ, మానస సరోవరం వైపు నుంచి చలికాలానికి మన దేశం వచ్చే చారల తల బాతు అనే మాటకి బలం ఎక్కువ. దాని నడక చూశారా? అటూ ఇటూ ఊగుతూ, మన ఇళ్లల్లో బాతు ఎలా నడుస్తుందో అలాగే. వయ్యారం మాట దేవుడెరుగు. కానీ గాల్లోకి లేచిందంటే హిమాలయాలు దాటుతుంది. ఏడు వేల మీటర్లకి పైన, మనుషులు ఆక్సిజన్ కోసం అల్లాడే ఎత్తులో, రెక్కలు కొట్టుకుంటూ పోతుంది. శాస్త్రవేత్తలు వాటికి పరికరాలు కట్టి మరీ ఆ ఎత్తు కొలిచారు. ఇంత పని చేసే పక్షి పేరు తీసుకుని అందులో నడక ఒక్కటే చూడటం ఆ పక్షికీ అన్యాయం, పిల్లకీ అన్యాయం.

మగపిల్లల వైపు వద్దాం. వేటపక్షుల పేర్లు ప్రపంచమంతా ఎక్కువగా మగవాళ్లవే. టర్కీలో షాహిన్, దోగాన్ మామూలు పేర్లు. పదకొండో శతాబ్దంలో సెల్జుక్ రాజ్యాన్ని నిలబెట్టిన తుఘ్రిల్ పేరు కూడా వేటపక్షిదే. పెరూలో వామాన్ అంటే డేగ. స్పానిష్ వాళ్లు వచ్చాక అది ఇంటిపేరుగా మారి ఇప్పటికీ లక్షలమందికి ఉంది. మెక్సికోని ఏలిన అజ్టెక్‌ల చివరి చక్రవర్తి క్వావ్‌తెమోక్ పేరుకి అర్థం కిందికి దూకే గద్ద. మనకూ తక్కువేం లేదు. సాళువ అంటే వేటకి వాడే డేగ. సాళువ నరసింహరాయలు, సాళువ తిమ్మరుసు అని చదువుకుంటూ వచ్చాం గానీ అందులో ఒక పక్షి ఉందని చిన్నప్పుడు బళ్లో ఎవరూ చెప్పలేదు.

తమాషా ఏమిటంటే డేగల్లో పెద్దది ఆడది. మగది దాదాపు మూడో వంతు చిన్నగా ఉంటుంది. వేటకి డేగలు పెంచేవాళ్లకి ఇది ప్రాణంతో సమానమైన విషయం, పెద్ద వేటకి ఆడదాన్నే వదిలేవారు. మన దేశంలో పాతకాలపు డేగల పెంపకందార్ల వాడుకలో బాజ్ అంటే ఆడ డేగ, మగదాన్ని జుర్రా అనేవారు. ఆ లెక్కన షాబాజ్ అని కొడుక్కి పేరు పెట్టుకుని మీసం తిప్పుకునే తండ్రి నిజానికి ఒక ఆడపక్షి పేరు పెట్టాడన్నమాట. హైదరాబాదులో షాహీన్ అనే పేరున్న ఆడవాళ్లు చాలామంది కనిపిస్తారు. అసలు పక్షికి దగ్గరగా ఉన్నది వాళ్లే.

ఇంకా అడుగుతానంటే మన చెరువుల్లో తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచే జకానా అనే పిట్ట ఒకటుంది. ఆడది పెద్దది, ఒక్కోసారి నాలుగైదు మగపిట్టలని ఏలుతుంది. గుడ్లు పొదిగేదీ పిల్లల్ని సాకేదీ మగవే. దాని పేరుతో ఒక అమ్మాయిని చూపించండి చూద్దాం.

ఇదంతా లోకం తీరు, మార్చలేం అనేవాళ్లకి నేను ఐస్‌లాండ్ చూపిస్తాను. జనాభా నాలుగు లక్షలు కూడా లేని దేశం. పిల్లల పేర్లు వ్యాకరణానికి లొంగుతాయో లేదో చూడటానికి 1991 నుంచి ప్రభుత్వ కమిటీయే ఉంది. అక్కడ గద్ద పేరు మగవాళ్లకి ఓర్న్, ఆడవాళ్లకి అర్నా, రెండూ మామూలే. మాలకాకి పేరు మగవాళ్లకి హ్రాప్న్, ఆడవాళ్లకి హ్రెప్నా. కాకి జాతి పక్షి పేరు ఆడపిల్లకి! మన దగ్గర ఎవరైనా అంటే బారసాల మధ్యలోంచి బంధువులు లేచిపోతారు. అక్కడి పాత గాథల్లో ఆ దేశానికి దారి వెతుక్కుంటూ బయల్దేరిన ఫ్లోకి అనే నావికుడు మూడు మాలకాకులని వెంట తీసుకెళ్లి, మూడోది ఎగిరిన వైపు ఓడ నడిపించాడని ఉంది. అలాంటి చోట అపశకునం ఎలా అవుతుంది? ఇంకా నాకు నచ్చింది థ్రోస్తూర్ అనే పేరు. అది చెట్లమీద తీయగా పాడే చిన్న పిట్ట, మగపిల్లలకి పెడతారు. పాడేది మగపిట్టే కాబట్టి లెక్క సరిగ్గా కుదిరింది. చలికాలం అయిపోయిందని కబురు తెచ్చే లోవా అనే పిట్ట పేరు అమ్మాయిలది. తోక ఆడించే ఎర్లా కూడా అమ్మాయిలదే. అంటే వాళ్లకీ ఆడ పేర్లూ మగ పేర్లూ ఉన్నాయి, కానీ గోళ్లన్నీ ఒక వైపు, గొంతులన్నీ ఇంకో వైపు పంచిపెట్టలేదు.

పావురం ఇంకా మంచి సాక్ష్యం. సాధువైన పక్షి, ఆడపిల్లకే బాగుంటుంది అనుకుంటాం. స్పెయిన్‌వాళ్లు పలోమా అని ఆడపిల్లలకే పెడతారు. పికాసో పారిస్ శాంతి మహాసభ పోస్టరు మీద పావురం బొమ్మ వేసిన 1949లోనే కూతురు పుడితే ఆ పేరే పెట్టుకున్నాడు. ఆర్మేనియాలో అఘవ్ని అన్నా పావురమే, అదీ ఆడ పేరే. కానీ హీబ్రూలో యోనా అంటే పావురం. దేవుడు నీనెవెకి పొమ్మంటే ఇంకో వైపు ఓడెక్కి పారిపోయిన ప్రవక్త ఆయన. మన కోస్తా జిల్లాల క్రైస్తవ కుటుంబాల్లో యోనా అనే తాతలు, మామయ్యలు ఎంతమందో. మోషే భార్య సిప్పోరా పేరుకి పిట్ట అని అర్థం, ఆ పేరూ మన పల్లెల్లో వినిపిస్తుంది. ఇలా అచ్చ తెలుగు ఊళ్లల్లో పక్షి పేర్లు ఎక్కువగా నిలబెట్టింది బైబిలు చదివే ఇళ్లే అనిపిస్తుంది నాకు.

ఐర్లాండులో ఆరో శతాబ్దపు సన్యాసి కొలంబా పేరూ పావురమే. 563లో సముద్రం దాటి అయోనా దీవిలో మఠం పెట్టాడు. ఆయన భక్తుడు అనే అర్థంలో స్కాట్లాండులో పుట్టిన పేరు మాల్కం. ఎనభైల్లో రేడియో పక్కన కూర్చుని వెస్టిండీస్ మ్యాచ్‌లు విన్నవాళ్లకి మాల్కం మార్షల్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మన బ్యాట్స్‌మన్ల పక్కటెముకలు అదరగొట్టిన ఆ బౌలర్ పేరులో పావురం ఉంది. అజ్టెక్‌లు ఇంకా దూరం వెళ్లారు, వాళ్ల యుద్ధదేవుడి పేరులో ఉన్నది హమ్మింగ్‌బర్డ్ అనే బొటనవేలంత తేనె తాగే పిట్ట. యుద్ధంలో చనిపోయిన వీరులు ఆ పిట్టలై తిరిగొస్తారని నమ్మేవారు.

అంత దూరం ఎందుకు, మన పాత పేర్లే చూడండి. వ్యాసుడి కొడుకు శుకుడు. అంటే చిలక. ఘృతాచి అనే అప్సరస ఆడచిలక రూపంలో రావడం వల్ల ఆ పేరు వచ్చిందని కథ. పరీక్షిత్తుకి భాగవతం చెప్పిన ఆ మహాజ్ఞానికి చిలక పేరు చిన్నతనం కాలేదు. ఇప్పుడు చిలక అంటే ఆడపిల్లే, చిలకమ్మే. తైత్తిరీయ ఉపనిషత్తులో ఉన్నది తిత్తిరి, అంటే కౌజుపిట్ట. వైశేషిక దర్శనం చెప్పిన కణాదుడికి ఉలూకుడని ఇంకో పేరు, అంటే గుడ్లగూబ. కౌశిక్ అని పేరు పెట్టుకున్న కుర్రాళ్లు వీధికి ఇద్దరున్నారు. కుశికుడి వంశం, విశ్వామిత్రుడు అని ఇళ్లల్లో చెప్పుకుంటారు, అదీ నిజమే. అమరకోశంలో చూస్తే కౌశికుడంటే ఇంద్రుడు, గుగ్గిలం, గుడ్లగూబ, పాములు పట్టేవాడు అని నాలుగు అర్థాలు వరసగా ఉంటాయి. గుడ్లగూబ ఇంటిమీద వాలితే శాంతి చేయించే ఇళ్లల్లోనే ఈ కుర్రాళ్లు పెరుగుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంటిపేర్లలో మనకి ఇంత పట్టింపు లేదు. గువ్వల, పిట్టల, కాకి, అన్నీ ఉన్నాయి. కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు. అరకు, పాడేరు వైపు గిరిజనుల్లో పాంగి అనే ఇంటిపేరు గద్దకి గుర్తు. అదే వంశానికి ఆనవాలు, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఒకటే.

మాది పందెం కోళ్ల గడ్డ, భీమవరం దగ్గర. మా వైపు పుంజులకి ఉన్నన్ని పక్షి పేర్లు మనుషులకి లేవు. ఈకల రంగుని బట్టి డేగ, కాకి, నెమలి, కౌజు. ఏ రోజు ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పడానికి కుక్కుటశాస్త్రం అని పంచాంగం లాంటి పుస్తకం. పల్నాటి కథలో నాగమ్మ పుంజు పేరు సివంగి డేగ, బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు. ఆడమనిషి పుంజుకి డేగ పేరు, మగాయన పుంజుకి ముద్దుపేరు. కథ చెప్పినవాళ్లకి ఎబ్బెట్టుగా అనిపించలేదు మరి.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, ఈ మధ్య మా అక్క కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో నాకు పిట్టల పిచ్చి ఉందని అందరికీ తెలుసు. "పిన్నీ, ఏదైనా మంచి పిట్ట పేరు చెప్పు, కొత్తగా ఉండాలి, పిలవడానికి ఈజీగా ఉండాలి" అంది. నేను ముందు చెప్పింది శ్యేని. రామాయణం అరణ్యకాండలో జటాయువు రాముడికి తనని తాను పరిచయం చేసుకుంటూ శ్యేనీపుత్రుణ్ణని చెప్పుకుంటాడు. ఆడ డేగ, జటాయువుకీ సంపాతికీ తల్లి. ఒక కొడుకు సీత కోసం రావణుడితో పోరాడి చచ్చిపోయాడు, ఇంకో కొడుకు ఆమె ఎక్కడుందో వానరులకి చూపించాడు. ఆ తల్లి పేరు ఇన్ని వేల ఏళ్లుగా ఖాళీగా పడి ఉంది, ఎవరూ వాడుకోలేదు. రెండక్షరాలు, అమెరికాలోనూ పలుకుతారు.

పిల్లది శతభిషం రెండో పాదం, 'సా' అక్షరం రావాలని వాళ్ల అత్తగారు అడ్డం పడ్డారు. సరే, సాళువ పెట్టండి అన్నాను. మా అక్క ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అది ఎవరిదో ఇంటిపేరులా ఉందే, పెళ్లిచూపుల్లో ఏమని చెప్పుకుంటాం" అంది. పదిరోజుల పసిగుడ్డుకి పెళ్లిచూపుల టెన్షన్! నేను కలివి అని కూడా అనబోయాను. కడప లంకమల అడవుల్లో కలివి పొదల్లో తిరిగే కలివికోడి, అంతరించిపోయిందనుకున్నాక 1986లో మళ్లీ కనిపించిన పిట్ట. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అక్షరం కలవదని ఊరుకున్నాను గానీ ఎవరైనా తీసుకుంటే సంతోషం. ఈ లోపు అల్లుడు యాప్‌లోంచి ఒక పేరు పంపాడు: సారిక. పక్కన అర్థం 'కోయిల, తీయని గొంతు గలది' అని ఉంది.

సారిక కోయిల కాదు, గోరింక. ఆ మాట చెప్పి పేరు మార్పించాలని మొదట అనుకుని, ఆలోచించిన కొద్దీ నాకే నచ్చడం మొదలుపెట్టింది. గోరింకల్లో ఆడదీ మగదీ ఒకేలా ఉంటాయి, చూసి చెప్పలేం. గూడు ఇద్దరూ కడతారు, పిల్లల్ని ఇద్దరూ మేపుతారు, కాపురం మీదికి ఎవరైనా వస్తే ఇద్దరూ కలిసి తంతారు. గొంతు తీయన అని ఎవరూ అనలేరు. గరగర, కిచకిచ, ఈల, పక్కింటి స్కూటర్ హారన్, అన్నీ అందులో ఉంటాయి. పురుగులు తింటాయని 1862లో మెల్‌బోర్న్ తీసుకెళ్లి వదిలితే అక్కడి చెట్టు తొర్రలన్నీ ఆక్రమించుకుని స్థానిక పిట్టలని తరిమేస్తున్నాయి. 2000లో ప్రపంచంలోని వంద చెడ్డ ఆక్రమణ జీవుల జాబితాలోకి కూడా ఎక్కింది మన గోరింక. ఆస్ట్రేలియా వాళ్ల బాధ నిజమే, నేను నవ్వడం లేదు. కానీ పరాయి గడ్డమీద ఇల్లు సంపాదించుకుని నిలబడే ఆ మొండితనం ఈ పిల్లకి పనికొస్తుంది.

ఇంత లెక్క అక్కర్లేదు, పేరంటే ముద్దు, పక్షిశాస్త్రం పరీక్ష కాదు కదా అంటారు. ఒప్పుకునేదాన్నే, అర్థం అనే మాటని మనం అంత పట్టుకుని వేలాడకపోతే. కార్డు మీద అర్థం అచ్చేస్తాం, బారసాలలో అందరికీ వివరిస్తాం, పిల్ల పెద్దయ్యాక ప్రతి ఇంటర్వ్యూలో చెప్పుకుంటుంది. అన్నిసార్లు చెప్పే మాట ఆడపిల్ల గొంతు గురించీ నడక గురించీ అయితే, ఆ పిల్ల కూడా విని విని దాన్నే నమ్ముతుంది. బెంగాలీలు ఇంట్లో పిలుచుకోవడానికి టియా, మైనా, పాఖీ అని పెట్టుకుంటారు, ఎవరూ అర్థం అడగరు. అలా అయితే నాకు పేచీ లేదు.

బారసాల అయిపోయింది. బియ్యంలో సారిక అని రాశారు. అర్థం అడిగినవాళ్లందరికీ వాళ్ల అత్తగారు తీయగా పాడే పిట్ట అనే చెబుతున్నారు. నన్నడిగితే మాత్రం, పెరట్లోకి పామొస్తే గుంపుని పోగేసి అది వెళ్లిపోయేదాకా వెంటపడి అరిచే పిట్ట అంటున్నాను.